వెనక్కి తగ్గడానికి ఇంగ్లీషు మాటలు: రోజే థిసారస్ 1911 ముద్రణపై సమీక్ష

ఒక పర్యాయపద కోశం ఎంతవరకు పనికొస్తుందో తెలుసుకోవాలంటే, దానిని అక్కడక్కడా తిరగేయడం కన్నా ఒకే ఒక్క భావాన్ని పట్టుకుని చివరిదాకా వెతికి చూడటం మంచి పద్ధతి. ఈ సమీక్షకు నేను ఎంచుకున్న భావం వెనక్కి తగ్గడం. ఎంచుకున్న పుస్తకం రోజే థిసారస్ 1911 నాటి ముద్రణ. కాపీరైట్ గడువు తీరిపోయినందువల్ల ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ అనే ఈ-పుస్తకాల వెబ్‌సైట్‌లో ఇది ఉచితంగా దొరుకుతుంది. సైన్యం మళ్లడం, అభ్యర్థి పోటీ నుంచి తప్పుకోవడం, ఇచ్చిన మాట నుంచి జారుకోవడం, వాదనలో పట్టు సడలించడం, పదవిని వదులుకోవడం వంటి వాటన్నిటికీ ఇంగ్లీషులో వేర్వేరు మాటలున్నాయి, ఒకదాని బదులు మరొకటి వాడితే రాసినవారి ఉద్దేశమే మారిపోతుంది. కాబట్టి ఏ కోశానికైనా ఇది గట్టి పరీక్షే.

పీటర్ మార్క్ రోజే వృత్తిరీత్యా వైద్యుడు. లండన్‌లోని శాస్త్రవేత్తల సంఘమైన రాయల్ సొసైటీకి 1827 నుంచి 1848 వరకు కార్యదర్శిగా పనిచేశారు. తన సొంత వాడకం కోసం 1805లో సిద్ధం చేసుకున్న పదాల పట్టికను పెంచి, 1852లో, 73 ఏళ్ల వయసులో ప్రచురించారు. అందులో పదాలు అక్షరక్రమంలో ఉండవు. ఆరు పెద్ద తరగతుల కింద, దాదాపు వెయ్యి శీర్షికలలో, భావాల వరుసను బట్టి ఉంటాయి. పుస్తకం చివరన ఉన్న అకారాది సూచికలో మనకు తెలిసిన మాటను పట్టుకుంటే, అది ఏయే శీర్షికల కింద ఉందో అంకెలతో తెలుస్తుంది.

ఈ అమరికే పుస్తకానికి ప్రాణం. సూచికలో 'రిట్రీట్' (వెనక్కి మళ్లడం) దగ్గర మొదలుపెట్టినవారు ఒక్క చోటికి కాక అనేక చోట్లకు వెళ్లవలసి వస్తుంది, ఆ తిరుగుడులోనే అసలు ప్రయోజనం ఉంది. వెనుదిరిగి నడవడం 'రిగ్రెషన్' అనే శీర్షిక కింద, దూరంగా జరగడం 'రిసెషన్' కింద చలనానికి సంబంధించిన భాగంలో ఉంటాయి. అభిప్రాయం మార్చుకుని అన్న మాటను వెనక్కి తీసుకోవడం, అపాయం చూసి తప్పించుకోవడం, పట్టిన పనిని వదిలేయడం, పదవికి రాజీనామా ఇవ్వడం మాత్రం సంకల్పానికి సంబంధించిన తరగతిలో, మళ్లీ వేర్వేరు శీర్షికల కింద కనిపిస్తాయి. రిట్రీట్ అంటే తలదాచుకునే చోటు కూడా కాబట్టి, దానికి ఆశ్రయం గురించిన శీర్షికలోనూ స్థానం ఉంది. కాలు వెనక్కి వేయడానికీ, మనసు వెనక్కి తీసుకోవడానికీ ఉన్న తేడాను ఇంత స్పష్టంగా విడదీసి చూపే ఏర్పాటు, 'ఇలాంటి పదాలు' అంటూ అన్నిటినీ ఒకే కుప్పగా పోసే నేటి ఉచిత వెబ్ కోశాలలో నాకు కనిపించలేదు.

అయితే పెద్ద లోపం కూడా ఇక్కడే బయటపడుతుంది. రిగ్రెషన్ శీర్షిక కింద ఉన్న క్రియలలో 'బ్యాక్ అవుట్', 'బ్యాక్ డౌన్' పక్కపక్కనే కనిపిస్తాయి. వాటి మధ్య ఒక్క మాట వివరణ కూడా లేదు. ఒప్పుకున్న పని నుంచి, కుదిరిన బేరం నుంచి చివరి నిమిషంలో తప్పుకుంటే అది బ్యాక్ అవుట్. గట్టిగా చేసిన వాదననో బెదిరింపునో ఎదుటివాడి పట్టుదల చూసి వదులుకుంటే అది బ్యాక్ డౌన్. మొదటిదాంట్లో మాట తప్పిన దోషం ఉంది, రెండవదాంట్లో మాట తప్పడమేమీ లేదు, పంతం ఓడిపోవడం మాత్రమే ఉంది. కొనుగోలు ఒప్పందం నుంచి విరమించుకున్న సంస్థ గురించి రాస్తూ బ్యాక్ డౌన్ అని వాడితే, అక్కడ ఏదో తగాదా జరిగిందని చదివేవారు అనుకుంటారు. అర్థమూ లేక, ఉదాహరణ వాక్యమూ లేక, కేవలం పదాల వరుసగా ఉన్న పుస్తకం ఈ పొరపాటు నుంచి ఎవరినీ కాపాడలేదు.

మర్యాద, నింద విషయంలోనూ ఇదే కొరత. 'విత్‌డ్రా' అనేది ఎవరినీ తప్పుపట్టని మాట. సభ్యదేశం యూరోపియన్ యూనియన్‌ను వీడే పద్ధతిని చెప్పే, ఆ యూనియన్ ఒప్పందంలోని 50వ అధికరణంలో ఉన్నది ఆ క్రియే, 2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వెళ్లింది ఆ అధికరణం ప్రకారమే. అదే పనిని 'కట్ అండ్ రన్' అంటే పిరికితనాన్ని ఎత్తిచూపినట్టే. లంగరు పైకి లాగే వ్యవధి లేక, తాడు తెగ్గొట్టి గాలివాటున ఓడను పరుగెత్తించిన నావికుల నుంచి వచ్చిన పలుకుబడి అది. 'బీట్ ఎ రిట్రీట్' సైన్యానికి వెనుదిరగమని డప్పు వాయించి చెప్పిన సంకేతం నుంచి పుట్టింది. ఈ నేపథ్యం తెలిసినవారికి ఏ వాక్యంలో ఏది ఇముడుతుందో వెంటనే తడుతుంది. ఈ కోశం ఆ ఊసే ఎత్తదు. రెండవ ప్రపంచ యుద్ధంలో, 1940లో మే 26 నుంచి జూన్ 4 వరకు ఫ్రాన్స్‌లోని డన్‌కిర్క్ తీరం నుంచి 3,38,000 మందికి పైగా సైనికులను ఓడలలో తరలించారు. దానికి చరిత్రలో నిలిచిన పేరు ఇవాక్యుయేషన్, అంటే అపాయం నుంచి తరలించడం. ఆ పనికి ఏ పేరు పెడితే మాట్లాడేవారు ఏ పక్షం వహించినట్టో తేల్చుకోవడానికి పర్యాయపదాల వరుస ఒక్కటే ఎప్పటికీ చాలదు.

పాత ముద్రణ కావడం వల్ల 'ఆప్ట్ అవుట్' (వద్దనుకుని తప్పుకోవడం), 'చికెన్ అవుట్' (భయపడి తప్పుకోవడం) వంటివి ఇందులో దొరకవు. అవి ఆ తరువాత వాడుకలోకి వచ్చినవి. అందుకు బదులుగా నేడు మరుగున పడిన కొన్ని మాటలు తగులుతాయి. వెనక్కి ఈదే మంచినీటి రొయ్యజాతి జీవి పేరునే క్రియగా మార్చి, వెనక్కి తగ్గడానికి వాడిన 'క్రాఫిష్' వాటిలో ఒకటి. అది అమెరికా వాడుక అన్న గుర్తు కూడా పక్కనే ఉంది. కథలు రాసేవారికీ అనువాదకులకూ ఇలాంటివి నిజంగా విలువైనవి.

ఇంగ్లీషు కొంత వచ్చి, మాట నాలుక చివర ఆడుతూ బయటికి రానివారికి ఈ పుస్తకాన్ని నిస్సంకోచంగా సిఫారసు చేస్తాను. భాషను ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్నవారికి మాత్రం ఇది ఒక్కటే చేతికివ్వకూడదు. ఉదాహరణ వాక్యాలున్న అభ్యాసకుల నిఘంటువును పక్కన పెట్టుకుని, ఇక్కడ దొరికిన ప్రతి పదబంధాన్నీ అందులో సరిచూసుకున్నాకే వాడటం మంచిది. సూచిక నుంచి శీర్షికకు వెళ్లినప్పుడు దాని ముందున్న, వెనకున్న శీర్షికలను కూడా చదవాలి. రోజే చాలాచోట్ల ఎదురుబొదురు భావాలను పక్కపక్కన పేర్చారు కాబట్టి, 'రిగ్రెషన్' కోసం వెళ్లినవారికి దాని ముందే 'ప్రోగ్రెషన్' కింద ముందుకు సాగడానికి సంబంధించిన మాటలన్నీ దొరుకుతాయి.