తద్దినం వంట పార్సెల్: మెనూ సరే, వేడి ఏదీ?

హైదరాబాద్‌లో ఆబ్దికం వంట ఇప్పుడు రెండు రకాలుగా దొరుకుతోంది. మడి వంటవాళ్ళు ఇంటికొచ్చి చేసిపెట్టేది ఒకటి, ఉదయం పదిన్నరకల్లా డబ్బాల్లో దింపి వెళ్ళేది ఇంకోటి. ఇక్కడ చూసింది రెండోది, పదిమందికి సరిపడే సెట్.

మెనూకి వంక పెట్టలేం. పెసరపప్పు, అరటికాయ కూర, కంద, కాకరకాయ, పొట్లకాయ పెరుగుపచ్చడి, నువ్వుల పచ్చడి, అల్లం పచ్చడి, మిరియాల చారు, పరమాన్నం, గారెలు, అప్పాలు, నువ్వుండలు. ఉల్లి, వెల్లుల్లి సరేసరి, టమాటా, బంగాళదుంప, క్యాబేజీ కూడా లేవు. పచ్చిమిర్చి, ఎండుమిర్చి ఊసే లేదు, కారమంతా మిరియాలూ అల్లమే. మిరపకాయ 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళతో వచ్చింది. అంతకు ముందు మన వంట ఎలా ఉండేదో కాస్తయినా తెలియాలంటే ఈ విస్తరే ఆధారం. మనుస్మృతి మూడో అధ్యాయంలో పితృదేవతలకి చెప్పిన నువ్వులు, వరి, మినుములు, దుంపలు, పండ్లు ఇప్పటికీ ఇందులో ఉన్నాయి. యవలే (బార్లీ) జారిపోయాయి.

ఉప్పు దగ్గర కొంచెం తేడా. ఈ వంట చేస్తూ రుచి చూడకూడదు, విస్తట్లో ఉప్పు విడిగా వడ్డించకూడదు. అంటే చేతి లెక్క తప్పిందా, సరిదిద్దే దారి లేదు. పప్పూ చారూ సరిగ్గా కుదిరాయి. కంద మాత్రం ఉప్పు కషాయం. ఉడికించే నీళ్ళలో ఒకసారి వేసి, వార్చాక పోపులో మళ్ళీ వేసినట్టున్నారు.

అసలు గొడవ వేడితో. అన్నం వేడిగా ఉన్నంతసేపు, భోక్తలు (పితృదేవతల తరఫున కూర్చుని తినే బ్రాహ్మణులు) మౌనంగా తింటున్నంతసేపు, వంట గుణాలు ఎవరూ పైకి చెప్పనంతసేపే పితృదేవతలు తింటారని మనుస్మృతిలోని అదే అధ్యాయం అంటుంది. (కాబట్టి ఇలాంటి సమీక్షలు చేతులు కడుక్కున్నాకే!) తద్దినం పెట్టేది అపరాహ్ణంలో, అంటే పగటిని అయిదు భాగాలు చేస్తే నాలుగో భాగంలో. ఆరింటికి సూర్యోదయమై, ఆరింటికే అస్తమయమైతే అది 1:12కి మొదలై 3:36 దాకా ఉంటుంది. తెల్లవారుజామున వేయించిన గారె మూత పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలో అప్పటిదాకా ఉంటే ఆవిరికి పైన మెత్తబడి, లోపల గట్టిపడుతుంది. ఇక్కడ జరిగింది అదే. మైక్రోవేవ్‌లో పెడితే రబ్బరులా సాగుతుంది.

అందుకని గారెలు వద్దని చెప్పి, ఉప్పు కలపని పిండి అడగండి. ఇస్తున్నారు. మీరే రుబ్బుకుంటే మినపగుళ్ళు మూడు నాలుగు గంటలు నానితే చాలు. ఎక్కువ నానినా, రుబ్బేటప్పుడు నీళ్ళు ఎక్కువైనా గారెలు నూనె పీలుస్తాయి. ఉప్పు బాండీ ఎక్కించాకే కలపాలి, ముందే వేస్తే పిండి జారుతుంది. కిలో పప్పుకి మధ్యరకం గారెలు అరవై దాకా వస్తాయి. భోక్తలు కాళ్ళు కడుక్కుని కూర్చునేలోగా మొదటి వాయి దింపేయొచ్చు.

పిండాలకిచ్చిన అన్నం పొడిపొడిగా ఉంది, పైగా చల్లారింది. నల్లనువ్వులు, నెయ్యి, తేనె కలిపినా ఉండ కట్టదు, దర్భల మీద పెట్టగానే విచ్చిపోతుంది. తండ్రి, తాత, ముత్తాతలకి మూడు పిండాలు, కాకికి వాయసపిండం, అన్నిటికీ పావుకిలో బియ్యం చాలు. గ్లాసుకి రెండున్నర గ్లాసుల నీళ్ళు పోసి ఇంట్లోనే మెత్తగా వండుకోండి.

తెలంగాణలో మనిషి పోయిన మూడో రోజు పిట్టకు (కాకికి) పెట్టడానికి వీళ్ళ దగ్గర ఏమీ లేదు. మాంసం, కల్లు, పోయినవాళ్ళకి ఏది ఇష్టమైతే అది పెట్టే ఆచారం అది. సెట్ మెనూలో ఎలాగూ ఇమడదు.

పరమాన్నం, నువ్వుండలు, పచ్చళ్ళ కోసం ఈ పార్సెల్ తీసుకోవచ్చు. ఇల్లు పెద్దదై, వంటవాళ్ళకి చోటిచ్చే వీలుంటే మొదటి పద్ధతే నయం. అరటాకులు మాత్రం మీరే తెచ్చుకోండి. వీళ్ళిచ్చేవి ఆకు బొమ్మ అచ్చేసిన కాగితం విస్తళ్ళు, వాటిలో భోక్తలకి వడ్డిస్తే పురోహితుడు ఒప్పుకోడు.