అనంతగిరి ఘాట్‌లో ఆయిల్ లైటు: గుహలు, బసలు, మెకానిక్‌లు

విశాఖ నుంచి అరకు సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాకా మామూలు రోడ్డే, అది దాటాక అనంతగిరి ఘాట్ మొదలవుతుంది. ఏం చూడాలి, ఎక్కడ తినాలి అన్నది ఎవరిని అడిగినా చెబుతారు. సొంత కారు మధ్యలో మొరాయిస్తే ఎవరు ఆదుకుంటారో మాత్రం ఎవరూ చెప్పరు. మా ప్రయాణంలో సగం దానికే సరిపోయింది కాబట్టి రెండూ కలిపి రాస్తున్నాను.

బొర్రా గుహలకి తెరిచిన వెంటనే వెళ్లిపోండి. జనం పెరిగాక లోపల ఉక్కపోత, ఫొటోల కోసం తోపులాట. మెట్లు చాలా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని పైనే కూర్చోబెట్టడం మంచిది. కోతులు చేతిలో కవరు కనిపిస్తే వదలవు. ఇంత చెప్పినా, ఆ సున్నపురాయి ఊడల కింద నిలబడి పైకి చూస్తే వచ్చిన శ్రమంతా మరిచిపోతాం. ఈ దారిలో ఒక్కటే చూడగలమంటే నా ఓటు బొర్రాకే.

అక్కడి నుంచి మెయిన్ రోడ్డుకి ఎక్కే దారి నిటారుగా ఉంటుంది. ఫస్టు, సెకండు గేర్లలో ఎక్కి, జంక్షన్ దగ్గర బస్సుకి దారిస్తూ ఆగగానే డాష్‌బోర్డు మీద అల్లావుద్దీన్ దీపం లాంటి ఎర్ర బొమ్మ, అదే ఆయిల్ లైటు, మిణుకుమంది. ఆక్సిలరేటర్ తొక్కితే పోయింది, వదిలితే మళ్లీ వచ్చింది.

ఆ లైటు చెప్పేది ఆయిల్ తగ్గిందని కాదు, ఆయిల్ ప్రెషర్ పడిపోయిందని. చాలా బండ్లలో దాని స్విచ్ 0.3 నుంచి 0.5 బార్ (ఒత్తిడిని కొలిచే ప్రమాణం) దగ్గర పనిచేస్తుంది. అంటే లైటు వెలిగేసరికే బేరింగుల మధ్య ఆయిల్ పొర అంతంతమాత్రం. ఇంకొంచెం దూరమే కదా అని నడిపితే ముందు టర్బో, క్రాంకు బేరింగులు దెబ్బతింటాయి, ఆనక ఇంజన్ మొత్తం విప్పి బోర్ చేయించాల్సి వస్తుంది. పక్కనే కాఫీ బండి ముందు చదునైన చోటు చూసి ఆపేశాం.

పది నిమిషాలాగి ఆయిల్ స్టిక్ తీసి చూస్తే మట్టం రెండు గీతల మధ్యలోనే ఉంది. డీజిల్ వాసన లేదు, పల్చబడలేదు. బండి కింద చుక్క పడలేదు. మళ్లీ స్టార్ట్ చేస్తే లైటు లేదు! కాసేపు ఇంజన్ అలాగే ఉంచితే మళ్లీ ప్రత్యక్షం. ఆపి కాసేపు వదిలేస్తే బాగుంటుంది, నడిస్తే వస్తుంది. అసలు గుట్టంతా ఇందులోనే ఉందని తర్వాత తెలిసింది.

అరకు వైపు నుంచి ఒక మెకానిక్ బైకు మీద వచ్చాడు. "సెన్సర్ పోయింది సార్, ఈ బండ్లకి మామూలే" అన్నాడు. తీసిపారేయాల్సిన మాట కాదు. ఆ స్విచ్‌లు పోతాయి, వాటిలోంచి ఆయిల్ కారి వైరు కనెక్టర్ తడుస్తుంది కూడా. కానీ మాది పొడిగా ఉంది. అయినా కొత్త స్విచ్ బిగించాడు, లైటు రాలేదు, డబ్బులు తీసుకున్నాడు. అతని బైకు మలుపు తిరిగిందో లేదో లైటు వెలిగింది.

ఆ రాత్రి అనంతగిరిలోనే ఒక కాటేజీ తీసుకున్నాం. గది సాదాసీదా, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిస్తారు, ఫోన్ సిగ్నల్ వరండాలో ఒక మూల మాత్రమే. కానీ చుట్టూ సిల్వర్ ఓక్ చెట్లు, వాటికి అల్లుకున్న మిరియం తీగలు, కింద కాఫీ మొక్కలు. పప్పు, కోడికూర వేడివేడిగా పెట్టారు. ముందే బుక్ చేసుకున్న అరకు లాడ్జి మాత్రం సంగతంతా చెప్పినా పైసా వెనక్కివ్వలేదు. ఒక్క రాత్రికైతే నేను అనంతగిరే అంటాను. పిల్లలుంటే అరకు: పద్మాపురం తోట, గిరిజన మ్యూజియం, బొంగులో చికెన్ అన్నీ అక్కడే దగ్గరదగ్గరగా ఉంటాయి.

మర్నాడు మా ఆవిడ, పిల్లలు జీపులో అరకు వెళ్లి అవన్నీ చూసి, కిరండూల్ నుంచి వచ్చే రైల్లో విశాఖకి దిగిపోయారు. ఆ లైన్లో 50కి పైగా సొరంగాలు. వాళ్ల సంబరం చూస్తే కారు చెడిపోవడమే మంచిదైందేమో అనిపించింది.

నేను టోయింగ్ బండి కోసం కూర్చున్నాను. ఇన్సూరెన్స్‌తో వచ్చే రోడ్‌సైడ్ సర్వీసు ఫోన్‌లో మర్యాదగానే మాట్లాడింది, బండి వచ్చేసరికి మాత్రం సాయంత్రమైంది. ఉచిత దూరం దాటాక కిలోమీటర్ లెక్కన వసూలు చేస్తారు, అది ముందే అడిగి తెలుసుకోండి. కొక్కెంతో లాక్కెళ్లే బండి వద్దని, కారుని మొత్తంగా పైకెక్కించుకునే ఫ్లాట్‌బెడ్ కావాలని గట్టిగా చెప్పండి. ఆ ఘాట్ మలుపుల్లో ఇంజన్ ఆపిన కారుకి బ్రేకు బూస్టర్ సాయం ఉండదు, స్టీరింగ్ బరువెక్కుతుంది.

విశాఖ ఆటోనగర్‌లో ఒక పాత షెడ్డుకి చేర్చాం. అక్కడి పెద్దాయన స్పానర్ పట్టుకోకముందే రెండు ప్రశ్నలడిగాడు. "కాసేపు ఆపి స్టార్ట్ చేస్తే లైటు పోతందా బాబూ? ఈ మధ్య చాంబర్ దించారా?" రెండింటికీ అవుననే చెప్పాను. లీకేజీ ఉందని కొన్ని నెలల కిందట ఒక వర్క్‌షాపులో ఆయిల్ చాంబర్, అంటే ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, విప్పి బిగించారు.

ఆయన కొత్త స్విచ్ విప్పి, ఆ రంధ్రంలో ప్రెషర్ గేజీ బిగించాడు. చల్లగా ఉన్నప్పుడు 4 బార్ చూపించింది. ఇంజన్ వేడెక్కేకొద్దీ ముల్లు కిందికి జారి ఐడిల్‌లో, అంటే ఆక్సిలరేటర్ తొక్కకుండా ఉన్నప్పుడు, 0.3కి వచ్చింది. రేస్ చేసి 2,000 ఆర్‌పీఎంకి తీసుకెళ్లినా 1 దాటలేదు. లైటు అబద్ధం చెప్పడం లేదన్నమాట.

చాంబర్ దించితే పంపు ఆయిల్ పీల్చుకునే జాలీకి నల్లటి మడ్డి, దాంట్లో ఎర్రటి గ్యాస్కెట్ పేస్టు (లీకు కాకుండా అతుకుల మధ్య పూసేది) పోగులు. అంచుకి దట్టంగా పూసిన పేస్టు బిగించినప్పుడు లోపలికి పొంగి, ఎండి, తునకలుగా రాలింది. ఇంజన్ నడుస్తుంటే ఆ తునకలు వచ్చి జాలీకి అతుక్కుంటాయి, ఆపితే కిందికి రాలిపోతాయి. లైటు దాగుడుమూతలకి కారణం అదే.

ఒక బేరింగు క్యాపు విప్పి చూశాడు, గీతలు పడలేదు. టర్బోకి ఆయిల్ వెళ్లే గొట్టం కూడా విప్పి శుభ్రం చేశాడు. జాలీ కడిగి, ఈసారి పేస్టు సన్నటి గీతలా పూసి, మాన్యువల్‌లో ఉన్న గ్రేడ్ ఆయిల్, కొత్త ఫిల్టర్ వేశాడు. వేడెక్కాక గేజీలో ఐడిల్‌కి 1.3 బార్, 2,500 ఆర్‌పీఎం దగ్గర 3.5. ఆ అంకెలు నాకు చూపించాకే గేజీ తీశాడు. బిల్లు నేను భయపడినంత లేదు, కిలోమీటర్ల లెక్కన టోయింగ్‌కి కట్టిందే ఎక్కువ.

500 కిలోమీటర్లు తిరిగాక ఆయిల్, ఫిల్టర్ మళ్లీ మార్చమన్నాడు, కడిగినా లోపల మిగిలిన మడ్డి ఆ ఆయిల్‌తో పాటు దిగిపోతుందట. ఈ నెలాఖరుకి ఆ దూరం పూర్తవుతుంది.