రౌండ్ టైమర్: సాధనకు మంచిదే, పోటీకి మాత్రం టైమ్‌కీపర్ ఉండాలి

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలోని మా బాక్సింగ్ శిక్షణ కేంద్రం కోసం డాబా గార్డెన్స్‌లోని ఒక క్రీడా సామగ్రి దుకాణంలో రౌండ్ల, విరామాల సమయాన్ని లెక్కించి బజర్ మోగించే, గోడకు తగిలించే ఎలక్ట్రానిక్ రౌండ్ టైమర్ కొన్నాం. ఇలాంటిది కొనే ఆలోచనలో ఉన్న కోచ్‌లకు పనికివస్తుందని దాని పనితీరును వివరంగా రాస్తున్నాను.

సాధన వరకు దీనికి వంక పెట్టలేం. మూడు నిమిషాల రౌండు, నిమిషం విరామం అన్నది ఆధునిక బాక్సింగ్‌కు పునాది వేసిన 1867 నాటి క్వీన్స్‌బెరీ నియమాల నుంచి వస్తున్న లెక్క. ఇందులో రౌండును, విరామాన్ని విడివిడిగా అమర్చుకునే వీలుండటంతో జూనియర్లకు రెండు నిమిషాలు, పెద్దవాళ్లకు మూడు నిమిషాలు పెట్టుకుంటున్నాం. రౌండు ముగియడానికి పది సెకన్ల ముందు మోగే హెచ్చరిక మాకు బాగా నచ్చింది. అది వినపడగానే బ్యాగ్ మీద సాధన చేస్తున్న పిల్లలు చివరి పంచ్‌ల జోరు పెంచుతున్నారు. ఫ్యాన్లు తిరుగుతూ, స్కిప్పింగ్ తాళ్లు నేలను కొడుతున్నప్పుడు మాత్రం హాలు వెనక భాగానికి బజర్ సరిగా వినిపించదు. ఉప్పుగాలికి వెనక ఉన్న స్క్రూలు అప్పుడే తుప్పు పట్టాయి కాబట్టి సముద్రం వైపు కిటికీకి దూరంగా బిగించుకోవడం మేలు.

అసలు లోటు స్నేహపూర్వక పోటీలు పెట్టినప్పుడు బయటపడింది. బాక్సర్ నోట్లో పళ్ల రక్షణకు పెట్టుకునే గమ్‌షీల్డ్ జారిపడి రెఫరీ ఆట ఆపితే, రిమోట్‌ను సెన్సర్‌కు గురిపెట్టి బటన్ నొక్కేలోపే ఒకటి రెండు సెకన్లు దొర్లిపోతున్నాయి. రింగ్ పక్కన గంటను ఎదురుగా పెట్టుకుని కూర్చున్న టైమ్‌కీపర్ రెఫరీ మాట నోట్లో ఉండగానే గడియారం ఆపగలడు. విరామంలో పది సెకన్లు మిగిలి ఉండగా బాక్సర్ల సహాయకులను రింగ్ దిగమని హెచ్చరించేదీ ఆయనే. బాక్సర్ కింద పడితే, పది లెక్కపెట్టేలోగా లేవకుంటే ఓడినట్టే కాబట్టి, సెకన్లు లెక్కిస్తూ రెఫరీకి సంకేతమివ్వాల్సిందీ ఆయనే. ఆ లెక్క ఎంత కీలకమో 1927లో షికాగోలో జరిగిన బాక్సర్లు టనీ, డెంప్సీల పోరే చెబుతుంది. టనీని పడగొట్టిన డెంప్సీ వెంటనే తటస్థ మూలకు (ఇద్దరు బాక్సర్లలో ఎవరికీ కేటాయించని రింగ్ మూలకు) వెళ్లకపోవడంతో రెఫరీ లెక్కను మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఆ అదనపు సెకన్లలో తేరుకుని లేచిన టనీయే చివరకు గెలిచాడు. ఎదుటి బాక్సర్ ఎక్కడ నిలబడ్డాడో, రెఫరీ ఏం చేస్తున్నాడో గోడ మీది యంత్రానికి కనిపించదు.

అందుకే ఇప్పుడు పోటీల రోజు టైమర్‌ను ప్రేక్షకులకు సమయం చూపడానికే వాడుతూ, స్టాప్‌వాచ్‌తోనూ ఇత్తడి గంటతోనూ ఒకరిని టైమ్‌కీపర్‌గా కూర్చోబెడుతున్నాం. ఎన్. ఉష లాంటి ప్రపంచ చాంపియన్‌షిప్ పతక విజేతను అందించిన విశాఖలో చిన్న పోటీకి సైతం శిక్షణ పొందిన టైమ్‌కీపర్ ఉండాలని కోరుకోవడం అత్యాశ కాదని నా నమ్మకం. సాధన కోసమే అయితే ఈ టైమర్‌ను నిస్సంకోచంగా కొనవచ్చు; కరెంటు పోతే రౌండు మధ్యలో లెక్క చెరిగిపోతుంది కనుక బ్యాటరీతో కూడా నడిచే రకాన్నే అడిగి తీసుకోండి.