ఒకే ఎర్రర్, రెండు జబ్బులు: మిల్లు ఆఫీసులో లేజర్ ప్రింటర్‌తో మూడేళ్లు

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తాను. లేబుల్ వేసి అమ్మే 25 కిలోల వరకు బియ్యం సంచులకు 2022 జూలై 18 నుంచి 5 శాతం జీఎస్టీ వచ్చింది. బిల్లుల పని ఒక్కసారిగా పెరగడంతో పాత ఇంకు ప్రింటర్‌ను అటక ఎక్కించి, ఆ ఆగస్టులోనే 28 వేలు పెట్టి లేజర్ ప్రింటర్ కొన్నాం. స్కానర్, జిరాక్స్ అందులోనే ఉన్నాయి. కంపెనీ పేరు రాయను. ఇప్పటికి 87 వేల పేజీలు దాటింది.

ముద్రణకు వంక పెట్టలేను. ఇంకు బిల్లు లారీ డ్రైవర్ చెమట చేతికే అలుక్కుపోయేది. టోనర్ అంటే ప్లాస్టిక్ కలిసిన పొడి, వేడికి కరిగి కాగితానికి పట్టుకుంటుంది కాబట్టి వాన చినుకు పడినా అక్షరం చెదరదు.

మొదటి ఎనిమిది నెలలు సుఖంగా గడిచాయి. 2023 యాసంగి వడ్లు దిగుతున్న రోజుల్లో మొదలైంది రోగం. చిన్న తెర మీద ‘సిస్టమ్ ఎర్రర్, ఆపి మళ్లీ ఆన్ చేయండి’ అని ఒక వరుస, దాని కింద ఒక నంబరు. ఆపి వేస్తే కాసేపు బాగుండేది, మళ్లీ అదే. గేటు దాకా లారీలు బారులు తీరిన వేళ ప్రింటర్ మొరాయిస్తే డ్రైవర్ల చూపులు ఎలా ఉంటాయో మిల్లుల్లో పనిచేసిన వారికి చెప్పనక్కరలేదు.

నల్లగొండ నుంచి మెకానిక్ వచ్చాడు. డాక్టరు గుమ్మం ఎక్కగానే పంటినొప్పి తగ్గినట్లు, అతని ముందు యాభై పేజీలు ఆగకుండా వచ్చాయి. రెండోసారి వచ్చినప్పుడు బోర్డు పోయిందన్నాడు, 11 వేలు అన్నాడు. “మారిస్తే మళ్లీ రాదని రాసిస్తావా బాబూ?” అని మా యజమాని అడిగితే నవ్వి ఊరుకున్నాడు.

అప్పుడు చిట్టా పుస్తకం చివరి పేజీలో ఎర్రర్ వచ్చిన ప్రతిసారీ సమయం, కింది నంబరు రాయడం మొదలుపెట్టాను. రెండు వారాలకు తేలిందేమిటంటే, పై వరుస ఎప్పుడూ ఒకటే అయినా నంబర్లు రెండు. ఒకటి ఉదయం మిల్లు మొదలయ్యే వేళ, మధ్యాహ్నం భోజనాల తర్వాత మోటార్లు మళ్లీ వేసినప్పుడు వస్తోంది. రెండోదానికి వేళాపాళా లేదు.

మొదటిది కరెంటు సంగతి. మిల్లు ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టి చూస్తే, పెద్ద మోటార్లు ఒకదాని వెంట ఒకటి అందుకునే సమయంలో ఆఫీసు లైను 180 వోల్టులకు పడిపోతోంది. టోనర్‌ను కరిగించే ఫ్యూజర్ దాదాపు 200 డిగ్రీల వరకు వేడెక్కాలి. వోల్టేజీ 230 నుంచి 180కి పడితే వేడి సుమారు 40 శాతం దాకా తగ్గుతుంది. అనుకున్న సమయానికి వేడి అందకపోతే, హీటర్ చెడిపోయిందని యంత్రం అనుకుంటుంది. పైగా అమ్మినవాళ్ల మాట విని దాన్ని కంప్యూటర్ల 600 వీఏ యూపీఎస్‌కు తగిలించాం. అది తప్పు. వేడెక్కేటప్పుడు లేజర్ ప్రింటర్ లాగే కరెంటును అంత చిన్న యూపీఎస్ మోయలేదు. విడిగా లైను లాగి 2 కేవీఏ స్టెబిలైజర్ పెట్టాం. ఆ నంబరు వెంటనే మాయమైంది.

రెండోది నన్ను ఎక్కువగా ఏడిపించింది. ఒకరోజు విసిగిపోయి కేబుల్ పీకేసి ప్రింటర్ ఆన్ చేశాను. ‘సిద్ధం’ అని చూపించింది, జిరాక్స్‌లూ తీసింది. కేబుల్ పెట్టిన అర నిమిషంలో మళ్లీ ఎర్రర్. అంటే జబ్బు ప్రింటర్‌లో లేదు, కంప్యూటర్ పంపుతున్నదాంట్లో ఉంది. క్యూలో తెలుగు అక్షరాలున్న ఒక పీడీఎఫ్ ఇరుక్కుపోయి ఉంది. ప్రింటర్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా కంప్యూటర్ ఆ ఫైలునే మళ్లీ దాని నెత్తిన వేస్తోంది! విండోస్ సర్వీసుల్లో ప్రింట్ స్పూలర్ (ఫైళ్లను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే ప్రోగ్రాం) ఆపి, క్యూలో మిగిలినవన్నీ తుడిచేసి, మళ్లీ నడిపిస్తే దారికి వచ్చింది. అలాంటి పీడీఎఫ్‌లను ఇప్పుడు ఇమేజ్‌గా ముద్రించే ఆప్షన్ పెట్టి పంపుతున్నాను. కాస్త ఆలస్యమవుతుంది, కానీ ఆగదు. ఆ 11 వేల బోర్డు వేసి ఉంటే ఈ రెండింటిలో ఒక్కటీ పోయేది కాదు.

తవుడు దుమ్ముతో వచ్చే ఇబ్బంది వేరు. లేజర్ అద్దం మీద పేరుకుంటే పేజీ పొడవునా తెల్లగీత పడుతుంది. శనివారాలు పొడిగుడ్డతో తుడుస్తాను. మిల్లు కంప్రెసర్ గాలి మాత్రం కొట్టకండి, అందులో తేమ ఉంటుంది. కాగితం కట్ట విప్పి వదిలేస్తే వానాకాలంలో అదీ తేమ పీల్చి ఇరుక్కుంటుంది.

యంత్రం మీద నా ఫిర్యాదు ఒక్కటే. ఏ కారణానికైనా ఒకే మాట చూపి, అసలు సంగతిని అర్థం లేని నంబరులో దాచడం. దానితో వచ్చిన పుస్తకంలో ఆ నంబర్ల వివరం లేదు. అయినా మళ్లీ కొనమంటే ఇదే కొంటాను, స్టెబిలైజర్ ఖర్చు కూడా ధరలో కలుపుకొని.

మొన్న సీజన్‌లో ఆ పాత నంబరు ఒకసారి కనిపించింది. గుండె గుభేలుమంది. వంగి చూస్తే, ఊడ్చేటప్పుడు ఎవరో ప్లగ్గు తీసి మళ్లీ యూపీఎస్‌కే పెట్టారు.