నాలుగేళ్ళ కుక్క ట్రైనింగ్ రివ్యూ: 22 వేలు వేస్ట్, 150 రూపాయల క్లిక్కర్ మాత్రం పనిచేసింది

మాది బరంపురం. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే ఒడియా, పిల్లల స్కూల్లో ఇంగ్లీషు. ఇది ఎందుకు చెప్తున్నానో తర్వాత అర్థమవుద్ది. మా బూందీ లాబ్రడార్, ఆడది, 2021లో దీపావళి అయ్యాక తెచ్చుకున్నాం, ఇప్పుడు నాలుగేళ్ళు దాటింది, 28 కిలోలు. పిల్ల వచ్చిన మూడు నెలలకే "సిట్ అంటే కూర్చుంటోంది, సూపర్" అని రివ్యూలు రాసేస్తారు కదా, నేనూ అప్పుడు రాసుంటే అదే రాసేదాన్ని, అందుకే ఇన్నాళ్ళు ఆగాను.

మొదటి తప్పు తెచ్చుకోవడంలోనే చేశాం. అమ్మినాయన "45 రోజులండి, చక్కగా అన్నం తింటోంది" అంటే తెచ్చేసుకున్నాం. ఎనిమిది వారాలు నిండకుండా పిల్లని అమ్మకూడదని 2017 నుంచీ రూల్ ఉందని తర్వాత తెలిసింది. అప్పటిదాకా తల్లి దగ్గర, తోడపుట్టిన పిల్లల దగ్గర ఉంటే గట్టిగా కరిస్తే అవతలోడు కుయ్యిమని ఆట మానేస్తాడని వాటికవే నేర్చుకుంటాయంట. మాది ఆ పాఠం సగంలో వదిలేసి వచ్చింది, ఆ మిగతా సగం మా చేతుల మీద, అత్తయ్య చీర కుచ్చిళ్ళ మీద నేర్చుకుంది. మేం కొట్టలేదు, కరవగానే ఆట ఆపేసి లేచి పక్క గదిలోకి వెళ్ళిపోయేవాళ్ళం, అర నిమిషం ఆగి మళ్ళీ వచ్చేవాళ్ళం. నాలుగో నెల నుంచి పాలపళ్ళు ఊడటం మొదలైంది, అప్పుడు చెప్పుల స్టాండు మొత్తం పైకెక్కించాం. ఆరో నెల దాటాక 42 పళ్ళూ వచ్చాయి, కొరకడం తగ్గింది, అంతే.

రెండో తప్పు పెద్దది, ఇప్పటికీ దాని ఖరీదు కడుతున్నాం. "వ్యాక్సిన్లు అన్నీ అయ్యేదాకా బయటికి తీయొద్దు" అని అందరూ అంటే నాలుగు నెలలూ గేటు దాటించలేదు. రోడ్డు మీద కింద దించకూడదు, వేరే కుక్కలు తిరిగిన చోట వదలకూడదు, పార్వో (వాంతులు, విరేచనాలతో కుక్కపిల్లల ప్రాణం తీసే అంటురోగం) భయం ఉంది, అది నిజమే. కానీ ఎత్తుకుని తిప్పొచ్చు కదా, ఆటోలో కూర్చోబెట్టొచ్చు, బడాబజారు చివర నిలబడి మనుషుల్ని, హారన్లని, పెళ్ళి బ్యాండుని చూపించొచ్చు, ఆ బుర్ర మాకు లేకపోయింది. కుక్కపిల్లకి మూడో వారం నుంచి పన్నెండు పద్నాలుగు వారాల దాకా కొత్తది ఏది చూసినా "ఇదీ మామూలే" అని మనసులో రాసుకునే టైం, ఆ తర్వాత కొత్తదంటే ముందు భయమే వస్తుంది. మేం ఆ టైంని ఫ్యాను కింద గడిపేశాం.

2023లో మా ఊరి ఠాకురాణి యాత్ర వచ్చింది. తెలీని వాళ్ళకి చెప్తున్నా, ఇది రెండేళ్ళకోసారి వస్తుంది, రాత్రుళ్ళు అమ్మవారి ఘటాలు ఊరేగుతుంటే డప్పులు, మొక్కున్నవాళ్ళు రకరకాల వేషాలు, పులివేషాలు. మనకి పండగ, దానికి ప్రళయం. మంచం కింద దూరి, ఉన్నచోటే పాసు పోసుకుని, నోటినిండా చొంగ, మా ఆయన చెయ్యి పెడితే పళ్ళు చూపించింది, అప్పటిదాకా ఆ పళ్ళు మేం ఎప్పుడూ చూడలేదు. అన్ని రాత్రులూ అంతే. అప్పటికి అది సిట్టు, స్టే, షేక్‌హ్యాండ్ అన్నీ చేసే కుక్క మరి. నేర్చుకున్న ట్రిక్కులు ఆ రాత్రి దేనికీ పనికిరాలేదు.

ఇక 22 వేల కథ. దానికి ఆరు నెలలున్నప్పుడు వేరే ఊళ్ళో ఒక బోర్డింగ్ ట్రైనింగ్‌లో 45 రోజులు వదిలాం. తీసుకొచ్చిన రోజు అదేదో మిలిటరీ కుక్కలాగ నడిచింది, వీధంతా చూసింది, మావయ్యగారు మీసం తిప్పారు. వారం తిరిగేసరికి మళ్ళీ లాక్కెళ్ళడం, మీదకి ఎగరడం, అన్నీ మామూలే. ఆ ట్రైనరు గొంతుకి అది వింటుంది, మా గొంతుకి వినదు. పైగా ఒక కొత్త అలవాటు తెచ్చుకుంది, ఎవరైనా చీపురు ఎత్తితే నేలకి అంటుకుపోయేది. అక్కడ ఏం చేశారో నేను చూళ్ళేదు, నాకు తెలిసింది మాత్రం అది ఇంటి నుంచి వెళ్ళేటప్పుడు అలాగ చేసేది కాదు.

ఆ తర్వాత మేమే మొదలెట్టాం, అసలు రివ్యూ ఇక్కడ్నుంచి.

క్లిక్కర్. 150 రూపాయలు, టిక్ మనే చిన్న ప్లాస్టిక్ డబ్బా. ముందు ఊరికే నొక్కి ముక్క పెట్టడం, ఇరవై సార్లు, టిక్ అంటే తిండి అని దాని బుర్రలో పడేదాకా. తర్వాత అది కూర్చున్న క్షణంలోనే టిక్. ఆ క్షణం ముఖ్యం, రెండు సెకన్లు లేటయితే అది లేచి నిలబడినందుకు మనం బహుమతి ఇచ్చినట్టు అవుద్ది. తిట్టు కూడా అంతే, పొద్దున్న పోసిన పాసుకి సాయంత్రం ముక్కు రుద్దితే దానికి ఏటర్థమవుద్ది, మనం ఇంటికొస్తే తిడతామని తప్ప. ముక్క అంటే బఠాణీలో సగం, ఉడికించిన చికెన్, ఉప్పు, ఉల్లి లేకుండా. ఉల్లి కుక్కకి మంచిది కాదు, మన కూరలో ముక్క తీసి పెట్టకండి. ఒక్కో సెషన్ అయిదు నిమిషాలు, పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి. ఆ ముక్కల లెక్క దాని అన్నంలో తగ్గించకపోతే లాబ్రడార్ గ్యాస్ బండలాగ తయారవుద్ది, మాకు ఒక నెలలో తెలిసొచ్చింది.

లాగితే మెడకి బిగుసుకునే చోక్ చైన్ పారేశాం, ఛాతీ దగ్గర కొక్కెం ఉన్న హార్నెస్ (మెడకి కాకుండా ఒంటికి తొడిగే పట్టీ) కొన్నాం. హార్నెస్ ఒక్కటే ఏమీ నేర్పదు, లాగినప్పుడు అది మన వైపు తిరుగుద్ది అంతే. నేర్పింది మేం ఆగిపోవడం. తాడు బిగిస్తే ఆగు, వదులైతే నడువు. మొదటి వారం మా గుమ్మం నుంచి వీధి చివరికి 25 నిమిషాలు పట్టింది, ఎదురింటి ఒడియా ఆంటీ అయితే నాకు కాళ్ళనొప్పులనుకుని నూనె సీసా ఇచ్చింది.

ఇప్పుడు భాషల సంగతి. అత్తయ్య "కూచో" అంటారు, మావయ్యగారు "కూకోయే గుంటా" అంటారు, పిల్లలు సిట్టు, పక్కింటి పిల్లలు "బస". అది అందరి మొహాలూ చూసి ఆవులించేది. కుక్క మొండిదనుకున్నాం. ఒకరోజు మా చిన్నోడు నోరు తెరవకుండా అరచెయ్యి పైకెత్తి చూపిస్తే టక్కున కూర్చుంది. అది మాటలు కాదు, చెయ్యిని చూస్తోంది! ఆ రోజే కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించాం, కూచో, రా, వదులు, ఉండు, ఒక్కోదానికి ఒక్క మాట, ఒక్క సైగ. మావయ్యగారు "కుక్కకి చదువేటి, నాకు పరీక్షేటి" అని రెండు రోజులు అలిగారు, మాట మాత్రం మార్చుకోలేదు, ఇప్పటికీ కూకోయే, కానీ చెయ్యి ఎత్తుతారు, అది కూర్చుంటుంది.

"వదులు" కోసం అయితే 22 వేలు మళ్ళీ ఇచ్చినా ఇచ్చేస్తాను. గోపాలపూర్ బీచ్‌కి పది మీటర్ల తాడు కట్టి తీసుకెళ్ళి "రా" నేర్పేవాళ్ళం. వచ్చిన ప్రతిసారీ ముక్క పెట్టి మళ్ళీ ఆడుకోమని వదిలేసేవాళ్ళం, తిట్టడానికి ఒక్కసారి కూడా పిలవలేదు, స్నానానికి పిలవలేదు. ఒకసారి వలల దగ్గర పారేసిన ఉబ్బిన చేప నోట పట్టింది. అలాంటి వాటిలో కొన్ని విషం. "వదులు" అన్నాను, నా గొంతు వణికింది కూడా, అది పడేసి వచ్చింది.

ట్రైనింగ్ లేకపోతే ఏటవుద్ది అనే వాళ్ళకి ఇచ్ఛాపురంలో మా పిన్ని వాళ్ళ కుక్క సంగతి చెప్తా. గుర్రుమంటే కొట్టేవారు, అది గుర్రుమనడం మానేసింది, బాగుపడిందనుకున్నారు. ఒకరోజు అన్నం తింటుంటే వాళ్ళ మనవడు తోక పట్టుకున్నాడు, ఏ చప్పుడూ లేకుండా పిక్క పట్టేసింది. గుర్రు అంటే "ఆగు" అని చెప్పడం, దాన్ని కొట్టి నోరు మూయిస్తే ఇంక చెప్పకుండా కరవడమే మిగిలింది. పదిహేను నిమిషాలు ధార కింద సబ్బుతో కడిగి ఆసుపత్రికి పరిగెత్తారు, ఆ రోజు, మూడో రోజు, ఏడో రోజు, ఇరవయ్యెనిమిదో రోజు సూదులు, రక్తం వచ్చింది కాబట్టి గాయంలోనే ఇంకో మందు. కుక్కకి రేబిస్ టీకా ఉన్నా సరే వేయించారు, మంచిపని చేశారు.

2025 యాత్రకి మేం జనవరి నుంచే తయారయ్యాం. ఫోన్లో డప్పుల వీడియో, వినీ వినపడనంత సౌండు, అది తింటుండగా. తినడం ఆపితే సౌండు తగ్గించాలి. వారానికి ఒక గీత పెంచాం. యాత్ర రాత్రుళ్ళు వెనక గదిలో ఫ్యాను, కూలరు వేసి, దుప్పటి కప్పిన మంచం కింద దాని పరుపు పెట్టాం. వణికింది, కానీ తింది, పాసు పోసుకోలేదు, పళ్ళు చూపించలేదు. పదికి ఆరు ఇస్తాను. అదే డప్పుల వీడియో మూడో నెలలోనే వినిపించుంటే పదికి తొమ్మిది వచ్చేదని నా అనుమానం.

క్లిక్కర్‌కి తొమ్మిది, హార్నెస్‌కి ఏడు (వానాకాలం తడిసి కంపు కొడుతుంది), బోర్డింగ్‌కి రెండు. గ్యాస్ బండ దించే చప్పుడు మీద మాత్రం నాలుగేళ్ళుగా ఏ పప్పూ ఉడకలేదు, బండి వీధి మొదట్లో ఉండగానే మొరగడం మొదలెడుతుంది, బండ తెచ్చే అతను కూడా ఇప్పుడు గేటు బయటే బండ పెట్టి, "బూందీ, బస" అని అరిచి వెళ్ళిపోతున్నాడు.