బ్యాంకాక్ వీధులా, సింగపూర్ హాకర్ సెంటర్లా: తిండి కోసం వెళితే ఏది మేలు?

రెండు ఊళ్లూ చూసేంత సెలవు లేకపోతే నేను బ్యాంకాక్‌కే వెళ్లమంటాను. వెంట పెద్దవాళ్లు ఉంటే మాత్రం, అందులోనూ శాకాహారులైతే, సింగపూర్.

సింగపూర్‌లో వీధి తిండి ఇప్పుడు వీధిలో లేదు. 1970లలో మొదలుపెట్టి 1980ల నడుమ దాకా ప్రభుత్వం తోపుడు బండ్లవాళ్లను కుళాయి, మురుగు కాలువ సౌకర్యం ఉన్న కప్పుల కిందికి చేర్చింది. హాకర్ సెంటర్లు అలా వచ్చినవే. ఆ సంస్కృతికి 2020లో యునెస్కో గుర్తింపు కూడా దక్కింది. బల్ల మీద టిష్యూ పేపర్ల ప్యాకెట్ పెడితే చాలు, ఆ చోటు మీదే, ఎవరూ కదపరు. తిన్న పళ్లెం మాత్రం మీరే తీయాలి, లేకపోతే జరిమానా దాకా వెళుతుంది. మాక్స్‌వెల్ అనే హాకర్ సెంటర్‌లో చికెన్ రైస్ బాగుంటుంది. లిటిల్ ఇండియాలోని టెక్కా సెంటర్‌లో దోసె, బిర్యానీ దొరుకుతాయి కాబట్టి ఇంట్లో పెద్దలు పస్తుండరు. అంతా శుభ్రం, అంతా సులువు. కానీ కూర్చుని తిని లేచి వచ్చేస్తాం, ఊరు తిరిగినట్టు ఉండదు.

బ్యాంకాక్‌లో తినడమంటే నడవడమే. చైనాటౌన్‌లోని యావరాత్ రోడ్డుకు 2019 నుంచి మెట్రో ఉంది. వాట్ మాంగ్కోన్ స్టేషన్‌లో దిగాలి. చీకటి పడేసరికి కాలిబాట నిండా ప్లాస్టిక్ స్టూళ్లు, మోచేతికి తగిలేంత దగ్గరగా వాహనాలు. ఒకచోట మిరియాల ఘాటు పులుసులో నూడుల్స్, నాలుగడుగులు వేస్తే పెనం మీద ఆల్చిప్పల ఆమ్లెట్, ఆ పక్కన దానిమ్మ రసం. నూడుల్స్ బల్ల మీద చక్కెర, ఎండుమిర్చి పొడి, మిరపకాయలు నానిన వెనిగర్, చేపల సాస్ పెట్టి ఉంటాయి. సగం వంట బండివాడిది, మిగతా సగం మనది. పచ్చి బొప్పాయితో చేసే సోమ్ తమ్‌ను రోట్లో దంచే చప్పుడు వింటే రోటి పచ్చడి తిన్నవాళ్లకు కాళ్లు అటే లాగుతాయి. ధరలోనూ సింగపూర్‌లో ఒక పళ్లెం డబ్బుతో ఇక్కడ రెండు గిన్నెలు తినవచ్చు.

పీతల ఆమ్లెట్‌తో, మంచి హోటళ్లకిచ్చే మిషెలిన్ నక్షత్రం తెచ్చుకున్న వంటావిడ జే ఫాయ్ దగ్గర వరుసలో నిలబడాలని చాలామంది ఉబలాటపడతారు. ఆ ఒక్క ఆమ్లెట్ వెయ్యి బాట్లు దాటుతుంది. ఆ డబ్బుతో, ఆ సమయంలో యావరాత్‌లో ఒక రాత్రంతా తినవచ్చని నా లెక్క. సోమవారం మాత్రం వెళ్లకండి, చాలా బండ్లు ఉండవు.

శాకాహారులకు అసలు చిక్కు చేపల సాస్‌తోనే. కూరగాయల వేపుడులోనూ అది పడుతుంది, సోమ్ తమ్‌లో ఎండు రొయ్యలు కూడా వేస్తారు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరాలతో ‘జే’ అని థాయ్‌లో రాసిన బండి కనిపిస్తే నిశ్చింతగా తినవచ్చు: మాంసం, గుడ్డు, చేపల సాస్‌తో పాటు ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. మామూలు రోజుల్లో అలాంటి బండ్లు వెతుక్కోవాలి. చైనా పంచాంగం తొమ్మిదో నెలలో వచ్చే తొమ్మిది రోజుల శాకాహార పండుగలో మాత్రం యావరాత్ అంతా పసుపు జెండాలే. అది చాలా ఏళ్లలో మన దసరా నవరాత్రులతో కలిసే వస్తుంది, పిల్లలకు సెలవులూ అప్పుడే.