మూడు బేస్‌బాల్ పుస్తకాలు: ఏది ముందు చదవాలి, దేన్ని ఎంతవరకు నమ్మాలి

ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద క్రికెట్ పుస్తకాల కింద వెతికితే అప్పుడప్పుడు ఒక బేస్‌బాల్ పుస్తకం తగులుతుంది. సాధారణంగా అది మైకేల్ లూయిస్ ‘మనీబాల్’. సినిమా పుణ్యమా అని ఇక్కడ దాని పేరు అందరికీ తెలుసు. కానీ ఈ ఆట చరిత్రలోకి దిగాలనుకునేవాళ్లు దానితో మొదలుపెడితే దారి తప్పుతారు.

ముందు చదవాల్సింది లారెన్స్ రిట్టర్ ‘ద గ్లోరీ ఆఫ్ దైర్ టైమ్స్’ (1966). రిట్టర్ ఎకనామిక్స్ ప్రొఫెసర్. 1961లో పాతతరం మేటి ఆటగాడు టై కాబ్ పోయాక, ఆ తరం వాళ్లు ఇంకా ఎవరు మిగిలారో వెతుక్కుంటూ టేప్ రికార్డర్‌తో దేశమంతా తిరిగాడు. తన ప్రశ్నలన్నీ తీసేసి ఆటగాళ్ల మాటలే ఉంచాడు. అధ్యాయాలు వరసగా చదవనక్కర్లేదు. స్నాడ్‌గ్రాస్, హూపర్, జో వుడ్, చీఫ్ మేయర్స్ చెప్పిన నాలుగూ ఒకదాని వెంట ఒకటి చదవండి. 1912 వరల్డ్ సిరీస్ (ఏటా చాంపియన్‌ని తేల్చే పోటీ) ఆఖరి ఆటలో నలుగురూ ఉన్నారు, స్నాడ్‌గ్రాస్, మేయర్స్ న్యూయార్క్ వైపు, హూపర్, వుడ్ బోస్టన్ వైపు. పదో ఇన్నింగ్స్‌లో న్యూయార్క్ 2-1తో ముందుంది. బోస్టన్‌లో వుడ్ బదులు బ్యాటింగ్‌కి వచ్చిన ఎంగిల్ ఒక తేలికైన క్యాచ్ లేపితే స్నాడ్‌గ్రాస్ వదిలేశాడు. వెంటనే హూపర్ కొట్టిన కష్టమైన బంతిని అద్భుతంగా పట్టుకున్నాడు. అది ఎవరికీ గుర్తులేదు. ఆ తర్వాత బోస్టన్ ఆటగాడు స్పీకర్ లేపిన ఫౌల్ బంతి (గీత బయటికి పోయినా పట్టుకుంటే అవుటే) న్యూయార్క్ వాళ్లు మేయర్స్, మెర్కిల్, మాథ్యూసన్ మధ్య నేలపడింది, న్యూయార్క్ చేతి నుంచి మ్యాచ్ పోయింది. స్నాడ్‌గ్రాస్ మాత్రం బతికినంతకాలం ఆ ఒక్క క్యాచ్ పేరుతోనే మిగిలాడు. ఒకే ఇన్నింగ్స్‌ని రెండు జట్ల వైపు నుంచీ వినే అవకాశం ఇలా ఇంకే పుస్తకంలో దొరుకుతుంది?

అయితే ఇవి ముసలితనంలో చెప్పిన కబుర్లు. జెర్మనీ షేఫర్ రెండో బేస్ (పరుగు తీసే దారిలో మజిలీ) దొంగిలించి, అంటే ఎవరూ బంతి కొట్టకుండానే పరిగెత్తి చేరుకుని, మళ్లీ వెనక్కి మొదటి బేస్‌కి పరిగెత్తిన కథ డేవీ జోన్స్ చెబుతుంటే పడీపడీ నవ్వుతాం. జోన్స్ దాన్ని డెట్రాయిట్‌లో ఆడిన రోజులకు, 1908కి ముడిపెడతాడు. రికార్డుల్లో గట్టిగా నిలిచేది మాత్రం 1911లో షేఫర్ వాషింగ్టన్ తరఫున చేసింది. కాబట్టి కథ ఈ పుస్తకంలో చదవండి, తేదీ మాత్రం వేరేచోట సరిచూసుకోండి.

కొనేటప్పుడు 1984 ఎడిషనేనా కాదా చూసుకోవాలి. మొదటిదాంట్లో 22 మంది ఉంటే ఇందులో ఇంకో నలుగురు చేరారు. ఫోటోలు మధ్యలో విడి కాగితాలుగా కాకుండా వచనంతో పాటే వస్తాయి. అందుకే జెరాక్స్ బాపతు కాపీ అయితే ఆటగాళ్ల ముఖాలు నల్లటి మరకలే.

రెండోది ఎలియట్ ఆసినాఫ్ ‘ఎయిట్ మెన్ అవుట్’ (1963). 1919 వరల్డ్ సిరీస్‌లో షికాగో వైట్ సాక్స్ ఆటగాళ్లు డబ్బు తీసుకుని సిన్సినాటికి 5-3తో ఓడిన వ్యవహారం. చదివించే గుణంలో దీనికి తిరుగులేదు. చరిత్రగా మాత్రం సగానికి సగం తగ్గించి చదవాలి. ఎక్కడా ఆధారాలు చూపించడు. ఆటగాడిని బెదిరించే ‘హ్యారీ ఎఫ్.’ అనే మనిషి అసలు లేనే లేడు. ఎవరైనా తన పుస్తకం కాపీ కొడితే పట్టుకోవడానికి రచయితే కల్పించి పెట్టాడు. యజమాని కామిస్కీ పిసినారితనమే అన్నిటికీ మూలమన్న వాదన కూడా నిలబడలేదు. తర్వాత బయటికొచ్చిన జీతాల లెక్కల ప్రకారం ఆ జట్టు లీగ్‌లో ఎక్కువ జీతాలిచ్చిన వాటిలో ఒకటి.

హైదరాబాద్ పాఠకులకు ఇక్కడ అజహరుద్దీన్ గుర్తురాక మానడు. మనదగ్గర 2000లో బోర్డు నిషేధించింది, 2012లో హైకోర్టు ఆ నిషేధం చెల్లదంది. అక్కడ వరస తిరగబడింది. 1921లో కోర్టు నిర్దోషులని వదిలేసిన మర్నాడే బేస్‌బాల్ కమిషనర్ లాండిస్ ఎనిమిది మందినీ జీవితాంతం బయట పెట్టాడు. చనిపోయినవాళ్లకు ఆ నిషేధం వర్తించదని 2025 మేలో తేల్చారు. పాత కాపీల్లో ఈ ముగింపు ఉండదు. ఈ పుస్తకం అయ్యాక మళ్లీ రిట్టర్ దగ్గరికెళ్లి ఎడ్ రౌష్ అధ్యాయం చదవాలి. గెలిచిన సిన్సినాటి ఆటగాడు. వాళ్లు నిజాయితీగా ఆడినా మేమే గెలిచేవాళ్లమని అతని వాదన.

ఇక ‘మనీబాల్’ (2003). క్రికెట్ సగటు లెక్కతో చదివితే ఏమీ అర్థం కాదు. పదిసార్లు బ్యాటింగ్‌కి వచ్చిన ఆటగాడికి 2 హిట్లు (బంతి కొట్టి బేస్ చేరడం), 2 వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు కొట్టకుండా వదిలేస్తే ఊరికే మొదటి బేస్ దక్కడం) అనుకోండి. వాక్‌లు ‘ఎట్ బ్యాట్’ లెక్కలోకి రావు, కాబట్టి సగటు 8కి 2, అంటే .250. ఆన్‌బేస్ శాతంలో వాక్‌లు కూడా కలుస్తాయి, 10కి 4, అంటే .400. మొదటి అంకె చూసి మార్కెట్ తీసిపారేసిన మనిషిని రెండో అంకె చూసి ఓక్లాండ్ జట్టు చవగ్గా కొనడమే పుస్తకం సారం. రచన చురుగ్గా సాగుతుంది, కానీ వాదన కోసం చాలా దాచిపెడుతుంది. 2002లో ఆ జట్టుని మోసింది హడ్సన్, మల్డర్, జీటో అనే ముగ్గురు పిచ్చర్లు (బంతి విసిరేవాళ్లు), ఆ ఏడాది లీగ్‌లో ఎంవీపీ, అంటే అత్యంత విలువైన ఆటగాడు, అయిన తెహాడా. వీళ్ల ఊసు పుస్తకంలో నామమాత్రం. పేపర్‌బ్యాకే కొనండి, విమర్శలకు లూయిస్ ఇచ్చిన జవాబు చివర్లో ఉంటుంది, మొదటి గట్టి అట్ట ముద్రణలో లేదు. పైరసీ కాపీని వెన్ను దగ్గర విప్పి చూస్తే తెలిసిపోతుంది, వరసలు ఏటవాలుగా ఉంటాయి, జిగురు ఎండి పేజీలు చేతికొస్తాయి.

రికార్డుల పట్టికలున్న లావు పుస్తకాలు ఎవరైనా అంటగడితే ముద్రణ సంవత్సరం చూడండి. 2024 మేలో నీగ్రో లీగ్స్ (ఒకప్పుడు నల్లజాతి ఆటగాళ్లకు విడిగా నడిచిన లీగ్‌లు) గణాంకాలు మేజర్ లీగ్ లెక్కల్లో కలిశాక కెరీర్ సగటులో అగ్రస్థానం జాష్ గిబ్సన్‌ది, .372. అంతకు ముందు అచ్చయిన ప్రతి పట్టికలోనూ కాబ్ పేరే ఉంటుంది. చదవాలనిపిస్తే ఫరవాలేదు గానీ, అసలు ధర మాత్రం పెట్టకండి.